సీమలో తెలుగుదేశానికి దక్కింది సొంత ఓటా, చేబదులా?

2024 మే 13న కడప లోక్‌సభ స్థానంలో ఓటేసిన ప్రతి ఒక్కరూ రెండు ఈవీఎంల ముందు నిలబడ్డారు. తెల్ల బ్యాలెట్ అంటించిన యంత్రం లోక్‌సభకు, గులాబీ రంగుది అసెంబ్లీకి. రెండింటికీ మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో వేల మంది గుర్తు మార్చారు. కడపలో టీడీపీ నిలదొక్కుకుంటుందా లేదా అన్నది తేలాలంటే ముందు ఆ మార్పును అర్థం చేసుకోవాలి.

ఈ లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు ఉన్నాయి. కడప, కమలాపురం, ప్రొద్దుటూరు, మైదుకూరుల్లో టీడీపీ, జమ్మలమడుగులో పొత్తు పార్టీ బీజేపీ గెలిచాయి. ఈ ఐదు చోట్ల వచ్చిన మెజారిటీలు 17 వేల నుంచి 25 వేల పైచిలుకు దాకా ఉన్నాయి. అన్నీ కలిపితే 1.05 లక్షలు. పులివెందులలో జగన్‌కు 61,687, బద్వేలులో వైసీపీకి 18,567 మెజారిటీ వచ్చింది. ఈ రెండూ కలిపితే 80 వేల పైన. అంటే గులాబీ బ్యాలెట్ మీద కూటమి దాదాపు 25 వేల ఓట్లు ముందుంది. అదే రోజు, అదే బూత్‌లో, అదే వేలితో నొక్కిన తెల్ల బ్యాలెట్ మీద మాత్రం వైసీపీ అభ్యర్థి అవినాష్ రెడ్డి 62,695 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండు లెక్కలకూ మధ్య తేడా 87 వేల పైమాటే.

దీనికి అందరూ చెప్పే కారణం షర్మిల. కాంగ్రెస్ తరఫున నిలబడి ఆమె 1.41 లక్షల ఓట్లు తెచ్చుకున్నారు. అన్న ఓటును చెల్లెలు చీల్చిందన్నది బాగా ప్రచారమైన మాట. అసెంబ్లీ లెక్కతో పోల్చి చూస్తే ఈ మాట పొసగదు. ఆమె చీల్చింది ప్రధానంగా ఫ్యాన్ ఓటే అయితే, తెల్ల బ్యాలెట్‌లో వైసీపీ బలం గులాబీ బ్యాలెట్ కంటే తగ్గి ఉండాలి. జరిగింది అందుకు పూర్తిగా ఎదురు. సైకిల్, కమలం గుర్తులకు అసెంబ్లీలో ఓటేసినవాళ్లలోంచే ఎక్కువ మంది లోక్‌సభ దగ్గరికి వచ్చేసరికి హస్తానికో ఫ్యాన్‌కో మళ్లారని ఈ అంకెలు చెబుతున్నాయి.

వీళ్లెవరు? ఎక్కువ భాగం 2019లో ఫ్యాన్‌కు ఓటేసినవాళ్లే అయి ఉండాలి. ఐదేళ్లలో ఎమ్మెల్యే మీదో, ప్రభుత్వం మీదో, పాస్‌పుస్తకాల మీదా సర్వే రాళ్ల మీదా వేసిన జగన్ బొమ్మల మీదో కోపం పెంచుకున్నారు. భూ హక్కుల చట్టం భయం దానికి తోడైంది. వైసీపీని దించాలనుకున్నారు, దించారు. అంతమాత్రాన టీడీపీ మనుషులు అయిపోలేదు. వైఎస్ ఇంటి నుంచి ఇంకో పేరు కనిపించగానే అటు తిరిగారు. ఊళ్లలో చేబదులంటే ఎలా ఉంటుందో తెలిసిందే. పత్రం ఉండదు, వడ్డీ ఉండదు, ఇచ్చినవాడు అడిగిన రోజు తిరిగి ఇచ్చేయాలి. ఈ ఓటు అలాంటిదే.

మెజారిటీలు తగ్గిన తీరు, మళ్లీ పెరిగిన తీరు

కడప లోక్‌సభ స్థానం టీడీపీకి దక్కింది 1984లో. 1989 నుంచి వైఎస్ కుటుంబం చేయి జారలేదు. 1996లో రాజశేఖర రెడ్డి దాదాపు ఐదున్నర వేల ఓట్లతో గట్టెక్కిన సందర్భం ఒకటుంది కాబట్టి ఇది ఎన్నడూ బీటలువారని కోట అనడం సరికాదు. కానీ తర్వాతి అంకెలు చూడాలి. 2011 ఉప ఎన్నికలో జగన్ మెజారిటీ 5.45 లక్షలు. 2014లో అవినాష్ రెడ్డికి అది 1.90 లక్షలకు పడిపోయింది. టీడీపీ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది, జిల్లాలో మంత్రి పదవి ఇచ్చింది, నీళ్లు ఇచ్చింది, వైసీపీ ఎమ్మెల్యేలను చేర్చుకుంది. 2019లో మెజారిటీ 3.80 లక్షలకు ఎగబాకింది. ఐదేళ్ల అధికారం ఆ పార్టీకి ఇక్కడ మిగిల్చింది ఇదే. ఇప్పుడది 62 వేలకు దిగింది కదా అని సంబరపడేవాళ్లు ఆ 2019 అంకెను మరిచిపోకూడదు.

అసెంబ్లీ కథా అంతే. ఉమ్మడి కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కలిపి 38 స్థానాలు. 2014లో టీడీపీకి 16, 2019లో 2. 2024లో కూటమికి 33 వచ్చాయి. ఇందులో టీడీపీ సొంతంగా 29, బీజేపీ 3 (ఆదోని, ధర్మవరం, జమ్మలమడుగు), జనసేన 1 (రైల్వే కోడూరు). వైసీపీకి పులివెందుల, బద్వేలు, రాజంపేట, ఆలూరు, మంత్రాలయం మిగిలాయి. 16 నుంచి 2కి, 2 నుంచి 33కి ఊగే ఓటు ఏ పార్టీకీ కట్టుబడి ఉండేది కాదు.

పైగా కొన్ని గెలుపులు అంచు మీద ఉన్నాయి. మడకశిరలో తేడా 351 ఓట్లు. అంటే 176 మంది అటు నుంచి ఇటు మారితే ఫలితం తిరగబడేది, ఒక బూత్‌లో నాలుగో వంతు మంది కూడా అక్కర్లేదు. రాయచోటిలో 2,495, ధర్మవరంలో 3,734. అటువైపు ఆలూరులో వైసీపీ గెలిచింది 2,831 ఓట్లతోనే కాబట్టి అక్కడ టీడీపీకీ అంతే అవకాశం ఉంది.

అధికారంలో ఉండగా గెలిచే ఉప ఎన్నికలు

2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో టీడీపీకి 6,716 ఓట్లు వచ్చాయి. వైసీపీకి 700 కూడా రాలేదు. ఓటర్లను బూత్‌ల దాకా రానివ్వలేదని, బయటి మనుషులతో ఓట్లు వేయించారని వైసీపీ ఆరోపించింది. ముప్పై ఏళ్ల తర్వాత జనం స్వేచ్ఛగా ఓటేశారని టీడీపీ అంది. ఎవరి మాట నిజమన్న వాదన అలా ఉంచినా, ఇలాంటి ఫలితంతో సాధారణ ఎన్నికను అంచనా కట్టడం ప్రమాదమని ఈ ప్రాంతమే మూడుసార్లు నేర్పింది.

2017 మార్చిలో కడప స్థానిక సంస్థల ఎమ్మెల్సీ స్థానంలో వైఎస్ వివేకానంద రెడ్డి మీద టీడీపీ అభ్యర్థి 40 ఓట్ల లోపు తేడాతో గెలిచారు. కడపలో వైఎస్ కుటుంబాన్ని ఓడించామని అప్పుడూ పండగ చేసుకున్నారు. రెండేళ్లకు జిల్లాలోని పది స్థానాలకు పదీ పోయాయి. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నికను టీడీపీ 27,466 ఓట్లతో గెలిచింది. 2019లో అదే అభ్యర్థి అదే నంద్యాలలో 34 వేల పైచిలుకు తేడాతో ఓడారు. మూడోది అటు పక్షానిది. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీని వైసీపీ కైవసం చేసుకుంది. ఇక చంద్రబాబు పని అయిపోయిందన్నారు, 175కు 175 ఎందుకు రావన్నారు. 2024లో కుప్పంలో ఆయన మెజారిటీ 2019 నాటి 30 వేల నుంచి 48 వేలకు పెరిగింది.

కారణం పెద్ద చిక్కేమీ కాదు. ఊరికి రోడ్డు, ఇంటికి బిల్లు, పొలానికి పాస్‌పుస్తకం కావాల్సినవాడు మధ్యలో వచ్చే ఎన్నికలో పవర్‌లో ఉన్నవాళ్లతో తగువు పెట్టుకోడు. ప్రభుత్వాన్నే మార్చే అవకాశం వచ్చినప్పుడు మనసులో ఉన్నది నొక్కుతాడు.

అందుకే ఒక పార్టీ సొంత బలం తెలియాలంటే అది అధికారంలో లేనప్పుడు తెచ్చుకున్న ఓట్లు చూడాలి. ఆ కొలతతో చూస్తే టీడీపీకి ఆశ పెట్టుకోదగ్గ ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. 2021 మున్సిపల్ ఎన్నికల్లో రాష్ట్రమంతా వైసీపీ ఊడ్చేసినా తాడిపత్రి టీడీపీ చేతికి వచ్చింది. మైదుకూరులో 24 వార్డుల్లో 12 గెలిచింది. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వెనకబడి కూడా రెండో ప్రాధాన్య ఓట్లతో 7,543 తేడాతో గట్టెక్కింది. పులివెందుల జడ్పీటీసీ కంటే ఈ ఎమ్మెల్సీ గెలుపు విలువ ఎక్కువ. చదువుకున్న యువత, ఉద్యోగులు ప్రభుత్వం కన్నెర్రకు వెరవకుండా వేసిన ఓటు అది. అందులోనూ వామపక్షాలు బలపరిచిన పీడీఎఫ్ అభ్యర్థిని మొదట ఎంచుకుని, టీడీపీని రెండో ఎంపికగా పెట్టినవాళ్ల పాత్ర పెద్దది. కాబట్టి అదీ కొంత చేబదులే.

ఫ్యాక్టరీ వచ్చింది, సీటు పోయింది

అభివృద్ధి చూపిస్తే ఓటు అదే వస్తుందన్న నమ్మకం టీడీపీలో లోతుగా ఉంది. దీనికి పెనుకొండ కంటే గట్టి పరీక్ష లేదు. 2017లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ లేచింది. 2019 జనవరిలో, ఎన్నికలకు మూడు నెలల ముందు, ట్రయల్ కారు బయటికి వచ్చింది. ఆ ఎన్నికలో పెనుకొండ టీడీపీ చేజారింది, అది కూడా వెయ్యో రెండు వేలో కాదు, 15 వేల ఓట్లతో. ఫ్యాక్టరీలో ఉద్యోగం రావాలంటే ఐటీఐ కావాలి, డిప్లొమా కావాలి. భూమి ఇచ్చిన ఊళ్లలో అవి ఉన్నవాళ్లు తక్కువ. ఎకరా ధర పెరిగింది నిజమే, ఆ లాభం ముందే అమ్ముకున్నవాడికి దక్కలేదు.

పులివెందుల సంగతి ఇంకా కఠినం. 2017 జనవరిలో పైడిపాలెం ఎత్తిపోతలతో నీళ్లు తెచ్చింది టీడీపీ ప్రభుత్వమే. చీనీ, అరటి తోటలు దానితో బతికాయి. 2014లో 75 వేలున్న జగన్ మెజారిటీ 2019లో 90 వేలు దాటింది. నీళ్లకు కృతజ్ఞత లేదని ఇక్కడి రైతును నిందించడం తప్పు. కాలువలో నీళ్లు వచ్చినప్పుడు రైతు గుర్తుంచుకునేది గేటు తిప్పిన ప్రభుత్వాన్ని కాదు, తన మడి దాకా పైపు వేయడానికి, ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పించడానికి అధికారి దగ్గరికి వెంట వచ్చిన మనిషిని. పులివెందుల పల్లెల్లో ఆ మనిషి ఏళ్ల తరబడి వైఎస్ వర్గానికి చెందినవాడే.

హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం విషయంలోనూ ఇదే చిక్కు. 40 టీఎంసీలతో 6 లక్షల ఎకరాలు తడపాలన్నది ప్రణాళిక. 2025 జూలైలో మల్యాల దగ్గర నీళ్లు వదిలేనాటికి మొదటి దశ ప్రధాన కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేశారు. నిజంగా పెద్ద పని ఇది. అయితే పిల్లకాలువలు పూర్తికాని చోట రైతు చూసేది పక్కనుంచి సాగిపోయే నీళ్లనే. చెరువు నిండితే బోర్లు లేస్తాయి, అది మేలే. కానీ ఆయకట్టు పట్టాలో తన సర్వే నంబరు లేని రైతుకు అది హక్కు కాదు, ఎవరో దయతలిస్తే వచ్చే నీరు. కాలువ పనుల్లో ప్రధాన కాలువకు ఎంత ఖర్చయిందన్నది పేపర్లో వస్తుంది. పిల్లకాలువ ఎన్ని కిలోమీటర్లు తవ్వారన్నది ఎవరూ అడగరు. ఓటు మాత్రం ఆ రెండో లెక్క మీద ఆధారపడి ఉంది.

ఉక్కు ఫ్యాక్టరీని గురించి తక్కువ చెప్పడమే మంచిది. 2007లో బ్రహ్మణి, 2018 డిసెంబరులో కంబాలదిన్నె, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె, 2023 ఫిబ్రవరిలో మళ్లీ అక్కడే. జమ్మలమడుగు చుట్టుపక్కల ఇన్ని శంకుస్థాపనలు చూసిన జనానికి ఇంకో శిలాఫలకం ఏ పార్టీది అయినా రాయి మాత్రమే. కొప్పర్తి పారిశ్రామిక నగరానికి 2024 ఆగస్టులో కేంద్రం 2,137 కోట్లతో ఆమోదం తెలిపింది. షెడ్లలో మగ్గాలు, యంత్రాలు తిరిగి, కడప, కమలాపురం ఆడపిల్లలు షిఫ్టు బస్సెక్కే రోజు వస్తే అప్పుడు దాని ప్రభావం కొలవచ్చు.

ఏజెంటు కూర్చోని ఊళ్లు

సీమలో ఎన్నిక గురించి మాట్లాడేవాళ్లు సభలు, పథకాలు, కులాలు చెబుతారు. బూత్‌లో ఏజెంటు కుర్చీ గురించి చెప్పరు. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరగాలి. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేసి, సీలు మీద సంతకాలు తీసుకోవాలి. ఓటేయడానికి వచ్చిన మనిషి ఆ పేరు మనిషి కాదనిపిస్తే ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. సాయంత్రం యంత్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సి ఫారం నకలు ఏజెంటు చేతికి ఇవ్వాలి. ఇవన్నీ చట్టంలో ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చునే మనిషే లేకపోతే చట్టంలో ఉన్నదేదీ ఆ ఊళ్లో లేనట్టే. సాయంత్రానికి బస్సెక్కి వెళ్లిపోయే అధికారికి భయం ఉండదు, పొద్దున లేచి అదే ఊళ్లో గేదెలు తోలుకుపోవాల్సిన ఏజెంటుకు ఉంటుంది.

ఈ ఖాళీని నింపడానికి టీడీపీ పట్టుకున్న దగ్గర దారి అవతలి నాయకులను తెచ్చుకోవడం. ప్రొద్దుటూరులో గెలిచిన వరదరాజులు రెడ్డి పాత కాంగ్రెస్ ఎమ్మెల్యే. జమ్మలమడుగు ఆదినారాయణ రెడ్డి కాంగ్రెస్, వైసీపీ, టీడీపీ చూసి బీజేపీలో ఉన్నారు. ఆలూరు నుంచి వైసీపీ మంత్రిగా ఉన్న గుమ్మనూరు జయరాం పార్టీ మారి గుంతకల్లులో సైకిల్ మీద గెలిచారు. నాయకుడితో పాటు వర్గం వస్తుంది, వర్గంతో పాటు వంద ఊళ్లలో ఏజెంట్లు వస్తారు. లాభం వెంటనే కనిపిస్తుంది. నష్టం తర్వాత తెలుస్తుంది. ఇరవై ఏళ్లు దెబ్బలు తిని, కేసులు మోసి జెండా పట్టిన పాత కార్యకర్త తనను కొట్టినవాడి వెనక నడవాల్సి వస్తుంది. ఆదినారాయణ రెడ్డి 2014 తర్వాత టీడీపీలోకి రావడంతో అప్పటికే అక్కడున్న రామసుబ్బారెడ్డి వర్గం ఇమడలేకపోయింది, చివరికి 2020లో ఆయన వైసీపీలోకి వెళ్లిపోయారు. ఇలా వచ్చిన ఓటు నాయకుడి జేబులో ఉంటుంది. అతను వెళ్తే అదీ వెళ్తుంది. ఈ పార్టీ సీమలో చేస్తున్న అతిపెద్ద పొరపాటు ఇదేనని చెప్పక తప్పదు.

పడమటి కర్నూలు, పట్టణ ముస్లింలు

2019లో మంత్రాలయం, ఆదోని, గుంతకల్లు మూడూ ఒకే ఇంటి అన్నదమ్ములు ముగ్గురు వైసీపీ నుంచి గెలిచారు. 2024లో ఇద్దరు ఓడారు, మంత్రాలయంలో బాలనాగి రెడ్డి మిగిలారు. ఈ పడమటి మండలాల్లో బోయలు, కురువలు ఎక్కువ. టీడీపీ కర్నూలు, హిందూపురం లోక్‌సభ టికెట్లు కురువలకు, అనంతపురం బోయలకు ఇచ్చి మూడూ గెలిచింది. ఇది ఆ పార్టీకి పాత బలం, 1983 నుంచి వచ్చిన బీసీ పునాది. బోయలను ఎస్టీల్లో చేర్చాలని 2017 డిసెంబరులో టీడీపీ ప్రభుత్వం, 2023 మార్చిలో వైసీపీ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానాలు చేశాయి. రెండూ కేంద్రానికి వెళ్లాయి. ఇప్పుడు ఆ కేంద్రంలోనే టీడీపీ భాగస్వామి కాబట్టి తీర్మానం చేశామన్న జవాబు ఇక సరిపోదు.

కోసిగి వైపు ఊళ్లలో పంట అయ్యాక జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి ఏరడానికి ఇంటిల్లిపాదీ లారీ ఎక్కుతారు. ఉగాది దగ్గరపడ్డాక తిరిగొస్తారు. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు పెడితే సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి, ఏప్రిల్, మే నెలల్లో అయితే జనం ఊళ్లోనే ఉంటారు. ఇక్కడి ఫలితాలను పోల్చేటప్పుడు ఈ నెల తేడా చూడకపోతే లెక్క తప్పుతుంది. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందితే ఈ వలస తగ్గుతుంది. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయాక నీటి నిల్వను తగ్గించుకోవాల్సి రావడంతో ఆ చివరి ఊళ్లకే మొదట దెబ్బ తగిలింది. దానికి తోడు 2025లో ఉల్లి ధర పడిపోయింది. ప్రభుత్వం క్వింటాలు 1,200కు కొంది, తర్వాత హెక్టారుకు 50 వేల సాయం ప్రకటించింది. ఈ డబ్బు కౌలు రైతుకు చేరిందా, పట్టాదారు ఖాతాలో ఆగిందా అన్నదాన్ని బట్టే ఆలూరు, పత్తికొండ, కోడుమూరుల్లో గాలి ఉంటుంది.

బీజేపీ పొత్తు ఉన్నా కడప, కర్నూలు, నంద్యాల పట్టణాల్లో 2024లో టీడీపీ గెలిచింది. కడపలో 18,860 తేడాతో, 1999 తర్వాత మొదటిసారి. 4 శాతం రిజర్వేషన్ జోలికి పోమన్న హామీ పనిచేసింది. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటులో వక్ఫ్ సవరణ బిల్లుకు టీడీపీ మద్దతిచ్చింది, వైసీపీ వ్యతిరేకించింది. తక్కువ తేడాతో గెలిచిన రాయచోటిలో ముస్లిం ఓటు పెద్దది. అక్కడ ఈ ఒక్క విషయమే ఫలితం మార్చగలదు.

ఫారం 20తో ఏం చేయాలి

ఈ ప్రాంతాన్ని నిజంగా గెలవాలనుకునే పార్టీ చేయాల్సిన మొదటి పని సర్వే కాదు. ప్రతి బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో చెప్పే ఫారం 20 అసెంబ్లీకి వేరుగా, లోక్‌సభకు వేరుగా ఉంటుంది. కడప స్థానంలోని ఏడు నియోజకవర్గాలకూ రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి మూడు లెక్కలు తీయాలి. అసెంబ్లీ కంటే లోక్‌సభలో సైకిల్‌కు తగ్గిన ఓట్లు, హస్తానికి పెరిగిన ఓట్లు, ఫ్యాన్‌కు పెరిగిన ఓట్లు. మొదటి రెండూ దగ్గరగా ఉన్న బూత్‌లలో ఓటు షర్మిలకు వెళ్లింది. ఆ ఓటరుకు వైఎస్ మీద అభిమానం ఉంది, జగన్ మీద కోపం ఉంది. మొదటిదీ మూడోదీ దగ్గరగా ఉన్నచోట ఓటు అవినాష్‌కు వెళ్లింది. ఆ ఓటరుకు కోపం ఎమ్మెల్యే మీదే, పార్టీ మీద కాదు. మొదటి రకాన్ని నిలబెట్టుకోవచ్చు. రెండో రకం కొత్త ఎమ్మెల్యే తప్పు చేసిన మరుక్షణం వెనక్కి పోతుంది. జమ్మలమడుగు, బద్వేలుల్లో అసెంబ్లీకి కమలం, లోక్‌సభకు సైకిల్ కాబట్టి ఆ రెండింటినీ విడిగా చూడాలి. 2019తో పోల్చేటప్పుడు బూత్ నంబర్లు మారి ఉంటాయి, ఊరి పేరుతో జత చేసుకోవాలి. పోస్టల్ ఓట్లు పక్కన పెట్టాలి.

ఇలా తీసిన జాబితాలో సైకిల్‌కు అసెంబ్లీలో ఎక్కువ ఓట్లు వచ్చి, 17సి ఫారం మాత్రం పార్టీ ఆఫీసుకు చేరని బూత్‌లు కొన్ని తేలతాయి. ఏజెంటు లేకుండానే అక్కడ జనం ఓటేశారన్నమాట. ఎవరూ అడగకుండా, ఎవరూ కాపలా కాయకుండా పడిన ఓటు అది. వచ్చే ఎన్నికకు ముందే ఆ ఊళ్లలో కుర్చీలో కూర్చునే మనిషిని, అవతలి వర్గం నుంచి తెచ్చుకున్నవాడిని కాకుండా ఆ ఓటేసినవాళ్లలోంచే ఒకరిని, వెతకాల్సి ఉంది.